దేవ్‌లాలీ మాస్టారి తీసివేత ఆట

నాలుగంకెల సంఖ్య ఒకటి రాసుకుందాం. 1947 అనుకుందాం. అందులోని అంకెల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి పేరిస్తే 9741 అవుతుంది. చిన్నదాని నుంచి పెద్దదానికి పేరిస్తే 1479. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే 8262 మిగులుతుంది. ఈ జవాబుతో మళ్ళీ అదే పని చేద్దాం. 8622లోంచి 2268 పోతే 6354. తర్వాత 6543లోంచి 3456 పోతే 3087. ఆ తర్వాత 8730లోంచి 0378 పోతే 8352. చివరికి 8532లోంచి 2358 పోతే 6174. ఇంకోసారి చేసి చూద్దాం. 7641లోంచి 1467 పోతే వచ్చేది మళ్ళీ 6174 తప్ప మరొకటి కాదు. ఇక ఎన్నిసార్లు చేసినా బండి అక్కడినుంచి కదలదు.

ఇది 1947 గొప్పతనమేమీ కాదు. మీరు పుట్టిన సంవత్సరంతోనో, మీ బండి నంబరులోని నాలుగంకెలతోనో చేసి చూడండి. నాలుగంకెలూ ఒకటే కాకుండా ఉంటే చాలు, ఏడు తీసివేతలు దాటకుండా ఆ 6174 దగ్గరికే చేరతారు. ఈ సంగతి మొదట కనిపెట్టినవారు విశ్వవిద్యాలయ ఆచార్యులు కారు. మహారాష్ట్రలో నాసిక్ పక్కన ఉన్న దేవ్‌లాలీ అనే చిన్న ఊళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పుకున్న బడిపంతులు. ఆయన పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. లెక్కల తరగతిలో ఆట ఎందుకు అని అడిగే తల్లిదండ్రులకూ, ఆడించాలని ఉన్నా సిలబస్ భయంతో వెనకాడే మనలాంటి టీచర్లకూ ఆయన జీవితంలో జవాబుంది. అందుకే ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం.

అంకెలు తోడైన బాల్యం

కాప్రేకర్ 1905 జనవరి 17న పుట్టారు. ఊరు బొంబాయికి ఉత్తరాన సముద్రతీరంలో ఉన్న దహాను. ఎనిమిదేళ్ళ వయసులోనే తల్లి పోయింది. తండ్రే పెంచారు. ఆయన గుమాస్తా ఉద్యోగి, జ్యోతిషం మీద మక్కువ ఉన్న మనిషి. జ్యోతిషాన్ని మనం నమ్మినా నమ్మకపోయినా, జాతకం వేయాలంటే బోలెడు కూడికలూ తీసివేతలూ చేయాలి. ఆ లెక్కల మీది ప్రేమ తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. తల్లి లేని ఇంట్లో పిల్లవాడికి అంకెలు ఆటవస్తువులయ్యాయి.

హైస్కూలు చదువు ఠాణేలో సాగింది. అక్కడా గంటల తరబడి లెక్కల పొడుపుకథలు విప్పుకుంటూ గడిపేవాడు. 1923లో పుణేలోని ఫెర్గూసన్ కాలేజీలో చేరాడు. 1927లో సొంతంగా చేసిన గణిత రచనకు రాంగ్లర్ పరాంజపే పేరిట ఇచ్చే బహుమతి అందుకున్నాడు. కేంబ్రిడ్జిలో సీనియర్ రాంగ్లర్ స్థానం సాధించిన తొలి భారతీయుడు పరాంజపే. ఆయన పేరున్న బహుమతి అంటే ఆ కాలంలో చిన్న విషయం కాదు. 1929లో బి.ఎస్సీ. పూర్తయింది. కాప్రేకర్ కాలేజీ చదువు అక్కడితో ఆగింది. ఎం.ఎస్సీ. లేదు, పరిశోధన పట్టా లేదు. డిగ్రీ చేతికి రాగానే దేవ్‌లాలీ బడిలో లెక్కల మాస్టారుగా చేరిపోయారు. 1962లో పదవీ విరమణ చేసేదాకా అదే ఊళ్ళో పాఠాలు చెప్పారు.

దేవ్‌లాలీ సైనిక కంటోన్మెంటు ఊరు. గణిత పరిశోధనకు పేరున్న చోటేమీ కాదు. మాస్టారికి పగలంతా బడి. మిగిలిన వేళల్లో కాగితం, పెన్సిలు, అంకెలు. మంచి ఉపాధ్యాయుడని పేరు తెచ్చుకున్నారు. తనకు సంఖ్యల మీద ఉన్న ఇష్టాన్నే పిల్లలకు ఎరగా వేసి పాఠంలోకి లాగేవారు. చుట్టుపక్కల కాలేజీలవాళ్ళు కూడా ఆయన పద్ధతులు వినడానికి పిలిచి ఉపన్యాసాలు చెప్పించుకునేవారు.

రైలు స్టేషన్ పేరుతో సంఖ్యలు

ఆయన ఆట ఎలా ఉండేదో ఒక ఉదాహరణ చూద్దాం. 11ను 11తో హెచ్చిస్తే 121. 111ను 111తో హెచ్చిస్తే 12321. 1111ను 1111తో హెచ్చిస్తే 1234321. అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కి, మళ్ళీ మెట్లు దిగినట్టు దిగుతాయి. ఇంకో తమాషా కూడా ఉంది. 121లోని అంకెలు కలిపితే 4, అంటే రెండు రెళ్ళు. 12321లోని అంకెలు కలిపితే 9, అంటే మూడు మూళ్ళు. 1234321లో 16, అంటే నాలుగు నాలుగులు.

ఇలాంటి సంఖ్యలూ వీటి బంధువులూ కలిసిన కుటుంబానికి కాప్రేకర్ డెమ్లో సంఖ్యలని పేరు పెట్టారు. డెమ్లో ఏ గ్రీకు పండితుడి పేరో కాదు. అప్పటి జి.ఐ.పి. రైల్వే మార్గంలో బొంబాయికి 30 మైళ్ళ దూరంలో ఉన్న స్టేషన్ పేరు. ఇవాళ మనం డోంబివలీ అంటున్న ఊరే అది. ఆలోచన తట్టిన చోటు పేరే సంఖ్యలకు పెట్టుకున్నారు మాస్టారు.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. లెక్కల పుస్తకంలో కనిపించే పేర్లన్నీ ఎక్కడో దూరదేశాలవి, మనకు సంబంధం లేనివి అని పిల్లలు అనుకుంటారు. తన వీధి పక్కన ఉన్న స్టేషన్ కూడా గణితంలోకి వస్తుందని తెలిస్తే ఆ దూరం తగ్గుతుంది. భివండీలోనో ఠాణేలోనో మన తెలుగు బడికి వచ్చే పిల్లలు డోంబివలీ స్టేషన్ పేరు వినే ఉంటారు. వాళ్ళకు ఈ పాఠం మన పొరుగు సంగతి.

మద్రాసులో చెప్పిన మాట

తీసివేత ఆటలో 6174 సంగతి కాప్రేకర్‌కు 1946లో కనిపించింది. 1949లో మద్రాసులో జరిగిన గణిత మహాసభలో దాన్ని బయటపెట్టారు. తర్వాత 1953లోనూ, 1955లోనూ న్యూయార్క్ నుంచి వెలువడే స్క్రిప్టా మాథమాటికా పత్రికలో అచ్చువేశారు. ఇప్పుడు లోకమంతా 6174ను కాప్రేకర్ స్థిరాంకం అంటోంది.

కానీ ఆ రోజుల్లో మన దేశంలోని గణితవేత్తలు చాలామంది ఆయన పనిని చూసి నవ్వారు. అంకెల్ని తిప్పి రాయడం, కలపడం, తీసేయడం పిల్లల ఆట అని, గణితం కాదని తేల్చేశారు. పెద్ద పత్రికలు చోటివ్వలేదు. మాస్టారు తన రచనల్లో చాలావాటిని చిన్న పుస్తకాలుగా తానే దేవ్‌లాలీ నుంచి అచ్చు వేయించుకున్నారు. బడిపంతులు జీతంలోంచి అచ్చు ఖర్చు పెట్టుకోవడమంటే ఏమిటో మన ఇళ్ళలో చెప్పనవసరం లేదు. మనలో ఎవరమైనా ఆ స్థితిలో ఉంటే ఎప్పుడో మానేసి ఉండేవాళ్ళం. ఆయన మానలేదు.

పిల్లల ఆట అన్న విమర్శలో నిజం కూడా ఉంది. ఈ ఆటకు బీజగణితం అక్కర్లేదు. తీసివేత వస్తే చాలు. అందుకే ఇది నాలుగో తరగతి గదిలోకి అంత తేలిగ్గా వచ్చింది. ఆనాడు ఆయనకు మచ్చ అనుకున్నదే ఈనాడు మనకు పనికొస్తోంది.

తప్పును తానే చూపించే ఆట

ఇప్పుడు మన తరగతి గదికి వద్దాం. మన బడులు చాలావాటిలో పిల్లలు తక్కువ, టీచర్లు ఇంకా తక్కువ. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చుంటాయి. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతావాళ్ళు లెక్కలు చేసి, దిద్దించుకోవడానికి పలకలు పట్టుకుని వరుసలో నిలబడతారు. మన వంతు వచ్చేసరికి గంట కొడతారు. తప్పు ఎక్కడ జరిగిందో పిల్లవాడికి తెలియకుండానే ఆ రోజు గడిచిపోతుంది. మర్నాడు అదే తప్పు. కొన్నాళ్ళకు తనకు లెక్కలు రావని వాడే నిర్ణయించుకుంటాడు.

కాప్రేకర్ ఆటలో ఆ వరుస అక్కర్లేదు. చివరికి ఎక్కడికి చేరాలో అందరికీ ముందే తెలుసు. ఏడు తీసివేతలు అయినా 6174 రాలేదంటే దారిలో ఎక్కడో కాలు జారింది. ఎక్కడ జారిందో వెతుక్కోవడం పిల్లవాడి పని. మేం ఐదో తరగతిలో ఈ ఆట ఆడించినప్పుడు ఒక అబ్బాయికి 8532లోంచి 2358 తీస్తే 6284 వచ్చింది. పక్కవాళ్ళందరికీ 6174 వచ్చింది. మేం ఏమీ అనలేదు. వాడు పలక దగ్గర పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి చూసుకున్నాడు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకున్నాడు గానీ, అప్పిచ్చిన అంకెలో ఒకటి తగ్గించడం మరిచిపోయాడు. అదీ రెండుచోట్ల. రెండూ వాడే పట్టుకున్నాడు. ఎర్ర సిరాతో మేం ఎన్నిసార్లు దిద్దినా కుదరని తప్పు ఆ రోజు కుదిరింది.

దారి మధ్యలో సరిచూసుకోవడానికి ఇంకో కిటుకు ఉంది. ఒక సంఖ్యలోంచి అవే అంకెలున్న ఇంకో సంఖ్యను తీస్తే మిగిలేది ఎప్పుడూ తొమ్మిదో ఎక్కంలోనే ఉంటుంది. కాబట్టి ప్రతి జవాబులోని అంకెల మొత్తం 9 గానీ, 18 గానీ, 27 గానీ కావాలి. 3087లో 18, 8352లో 18, 6174లో 18. ఆ అబ్బాయి జవాబు 6284లో అంకెలు కలిపితే 20. అంటే తప్పుందని అక్కడికక్కడే తెలుస్తుంది. అయితే అంకెలు తారుమారుగా రాస్తే మొత్తం మారదు కాబట్టి ఆ తప్పు దీనికి దొరకదు. ఆ సంగతీ పిల్లలకు చెప్పాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

నాలుగంకెలతో మొదలుపెట్టవద్దు. అప్పు తెచ్చుకుని తీసివేయడం ఇంకా రాని పిల్లలకు అది ఆట కాదు, శిక్ష.

మూడో తరగతిలో రెండంకెలు చాలు. 52 తీసుకుంటే 52లోంచి 25 పోగా 27. తర్వాత 72లోంచి 27 పోగా 45. తర్వాత 54లోంచి 45 పోగా 09. ఆ తర్వాత 90లోంచి 09 పోగా 81. దాని తర్వాత 63. మళ్ళీ 27. రెండంకెల ఆట ఎక్కడా ఆగదు. 9, 81, 63, 27, 45 అనే ఐదు ఊళ్ళ మధ్య చుట్టూ తిరుగుతూ ఉంటుంది. నేల మీద ఐదు గళ్ళు గీసి, సంఖ్యలు రాసి, పిల్లల్నే ఒక గడిలోంచి ఇంకో గడిలోకి గెంతమనవచ్చు. తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలకు ఎలా గెంతాలో మనం నేర్పక్కర్లేదు.

నాలుగో తరగతిలో మూడంకెలు. 321లోంచి 123 పోగా 198. అక్కడినుంచి 792, 693, 594, చివరికి 495. మూడంకెల ఆట 495 దగ్గర ఆగుతుంది. ఆరు తీసివేతలకు మించదు. ఇందులో ప్రతి జవాబుకూ నడుమ అంకె 9. ఈ సంగతి మనం చెప్పవద్దు. పిల్లలే కనిపెట్టాలి. ఎవరో ఒకరు తప్పకుండా అరుస్తారు.

ఐదో తరగతి నుంచి నాలుగంకెలు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. జవాబులో ముందు సున్నా వస్తే దాన్ని వదిలేయకూడదు. 2111లోంచి 1112 తీస్తే 999 మిగులుతుంది. దాన్ని 0999 అనే రాయాలి. సున్నా వదిలేస్తే ఆట అక్కడే చచ్చిపోతుంది. సున్నాను ఉంచితే 9990లోంచి 0999 పోగా 8991 వచ్చి ఆట సాగుతుంది. స్థాన విలువలో సున్నా ఎందుకు అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు మాకు దొరకలేదు.

వేగం పోటీ పెట్టవద్దు. ఎవరు ముందు చేస్తే వాళ్ళకు బహుమతి అంటే ఎప్పుడూ గెలిచేవాళ్ళే గెలుస్తారు, మిగతావాళ్ళు పెన్సిలు కింద పెట్టేస్తారు. దానికి బదులు ఇద్దరిద్దరిని జతచేసి, ఎవరి సంఖ్య ఎక్కువ మెట్లు నడుస్తుందో వెతకమందాం. ఏడు మెట్ల సంఖ్య దొరికిన జతకు చప్పట్లు. అప్పుడు నెమ్మదిగా చేసేవారికీ చోటుంటుంది.

పెద్ద తరగతుల టీచర్లకు ఇంకో మాట. ఎందుకిలా అవుతుంది అని ఎనిమిదో తరగతి పిల్లలు అడిగితే బీజగణితంతో చూపించవచ్చు. నాలుగంకెల్లో పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడాను 999తో హెచ్చించాలి. నడుమ ఉన్న రెండంకెల తేడాను 90తో హెచ్చించాలి. రెండూ కలిపితే వచ్చేదే జవాబు. 7641లో మొదటి తేడా 6, రెండో తేడా 2. కాబట్టి 5994కు 180 కలిపితే 6174. అంటే జవాబు ఆ రెండు తేడాల మీదే ఆధారపడుతుంది. అలాంటి జతలు లెక్కపెడితే మొత్తం 54 మాత్రమే. వేల సంఖ్యలన్నీ మొదటి తీసివేతలోనే ఆ 54లో ఏదో ఒకటిగా మారిపోతాయి. తరగతిలో 27 మంది ఉంటే తలా రెండు పంచుకుని చేస్తే, అన్నీ 6174కే చేరతాయని తరగతి మొత్తం కలిసి తేల్చేయవచ్చు. మాస్టారు చెప్పారు కాబట్టి నమ్మడం వేరు, చేసి చూసి తేల్చుకోవడం వేరు. గణితం రెండోదే.

కూడికలో రైలుబండి

కాప్రేకర్ ఆటలు తీసివేతతో ఆగలేదు. ఒక సంఖ్య తీసుకుని దాని అంకెల మొత్తాన్ని దానికే కలపండి. 15కు ఆరు కలిపితే 21. దానికి మూడు కలిపితే 24. తర్వాత 30, 33, 39, 51, ఇలా రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఇప్పుడు ప్రశ్న. వెనక ఏ పెట్టె నుంచీ రాని సంఖ్యలున్నాయా? ఉన్నాయి. 1, 3, 5, 7, 9, 20, 31, 42, 53, 64, 75, 86, 97. వందలోపు ఈ 13 సంఖ్యలకు పుట్టించినవాళ్ళు లేరు. వీటిని కాప్రేకర్ స్వయంభువుల్లా చూశారు. తన ఊరి పేరుతో దేవ్‌లాలీ సంఖ్యలు అన్న పేరు కూడా వీటికి స్థిరపడింది. రెండు దారులు వచ్చి కలిసే సంఖ్యల్ని ఆయన జంక్షన్లు అన్నారు. 91కి పది కలిపినా 101, 100కు ఒకటి కలిపినా 101. మొదటి జంక్షన్ అదే. నల్లబల్ల మీద ఒకటి నుంచి వంద దాకా రాసి, వచ్చిన సంఖ్యలన్నీ కొట్టేయమంటే మిగిలేవి ఆ 13. రెండో తరగతి కూడిక వచ్చిన పిల్లలు కూడా ఇందులో కూర్చోగలరు.

ఆయన సంస్కృతంలో హర్షద సంఖ్యలని ఇంకొన్నిటికి పేరు పెట్టారు. ఆనందమిచ్చేవి అని అర్థం. అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడితే అది హర్షద సంఖ్య. 12, 18, 21, 24 అలాంటివే. రామానుజన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే 1729 కూడా ఇదే కుటుంబం. దాని అంకెల మొత్తం 19. 1729ని 19తో భాగిస్తే 91 వస్తుంది. 19ని తిరగేస్తే 91. డిసెంబర్ 22న జాతీయ గణిత దినోత్సవం జరిపే బడులకు ఇది ఒక్కటి చాలు, ఒక పీరియడ్ గడిచిపోతుంది.

వర్గాలు నేర్చుకునే తరగతికి ఇంకో ఆట. 45ను 45తో హెచ్చిస్తే 2025. దాన్ని నడిమికి విరిస్తే 20, 25. రెండూ కలిపితే మళ్ళీ 45. 55ను హెచ్చిస్తే 3025. 30, 25 కలిపితే 55. 99కి 9801. 98, 01 కలిపితే 99. వీటిని కాప్రేకర్ సంఖ్యలంటారు. 297, 703 కూడా అలాంటివే. ఎక్కడ విరవాలో పిల్లల్నే వెతకమందాం.

భాష మారినా మారని లెక్క

మన పిల్లలకు ఈ ఆటలు ఇంకో మేలు కూడా చేస్తాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష, పై తరగతుల్లో బహుశా మూడో భాష. లెక్కల మాటలు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారేచోట పిల్లలు తడబడతారని మనందరికీ తెలుసు. మాటలే కాదు, అంకెలు పలికే వరుస కూడా మారుతుంది. తెలుగులో నలభై ఐదు అంటాం. ముందు నలభై, తర్వాత ఐదు. కన్నడ, తమిళాల్లోనూ అదే వరుస. కానీ మరాఠీలో పంచేచాళీస్ అంటారు. ముందు ఐదు వినిపిస్తుంది, తర్వాత నలభై. ఒడియాలోనూ ఒకట్ల స్థానమే ముందు. షోలాపూర్‌లోనో, రాయగడలోనో చదివే మన పిల్లవాడు విన్నది విన్నట్టు రాస్తే 45 బదులు 54 రాసే ప్రమాదం ఉంది. అది తెలివితక్కువతనం కాదు, రెండు భాషలు చెవిలో కలుసుకోవడం.

కాగితం మీద అంకెలు పేర్చే ఆట ఆ చిక్కును నెమ్మదిగా విప్పుతుంది. ఏ అంకె ఏ స్థానంలో ఉందో కంటితో చూసి, చేత్తో మార్చి చేసే పని కాబట్టి స్థానం గట్టిపడుతుంది. ఆడుతున్నప్పుడు పెద్దది, చిన్నది, అప్పు, మిగిలింది అన్న మాటలు పిల్లలు తెలుగులో మాట్లాడుకుంటారు. రేపు అదే ఆట కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఆడితే చివరికి వచ్చేది అదే 6174. మాట మారింది, లెక్క మారలేదు అని పిల్లవాడికి చేతికి అందినట్టు తెలుస్తుంది. తెలుగులో నేర్చుకున్న లెక్క రేపు పనికిరాదేమో అని దిగులుపడే తల్లిదండ్రులు ఒకసారి పిల్లలతో కూర్చుని ఆడి చూడండి. మీరు ఏ భాషలో చదువుకున్నారన్నది ఈ ఆటకు అవసరం లేదు. వామనగుంటలు ఆడిన నాయనమ్మలకైతే గింజలు పంచుతూ లెక్కపెట్టడం ఎప్పుడో వచ్చు.

ఆట ఒక్కటే చాలదని కూడా ఒప్పుకోవాలి. సిలబస్ పూర్తి చేయాల్సిందే, ఎక్కాలు రావాల్సిందే. కానీ పుస్తకంలోని 20 తీసివేతలు విసుగుతో చేసే పిల్లవాడే, ఏడు మెట్ల సంఖ్య కోసం 20 తీసివేతలు అడక్కుండా చేస్తాడు. అభ్యాసం అదే, చేసే మనసు మారింది. వారానికి ఒక పీరియడ్ ఇస్తే పోయేదేమీ లేదు.

ఆలస్యంగా వచ్చిన పేరు

కాప్రేకర్ జీవితం చివర ఎలా గడిచిందో చెప్పకుండా ముగిస్తే అన్యాయం. 1962లో పదవీ విరమణ చేశారు. 1966లో భార్య పోయారు. వచ్చే పింఛను బతకడానికి చాలక, ఆ వయసులో లెక్కలూ సైన్సూ ట్యూషన్లు చెప్పుకున్నారు. అంకెల పని మాత్రం ఆపలేదు.

ఆయనకు 70 ఏళ్ళు నిండాక, 1975 మార్చిలో, అమెరికాలో మార్టిన్ గార్డనర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో నడిపే గణిత క్రీడల శీర్షికలో కాప్రేకర్ గురించి రాశారు. లోకమంతా చదివే శీర్షిక అది. దాంతో దేవ్‌లాలీ మాస్టారి పేరు దేశదేశాలకు తెలిసింది. ఇక్కడ పిల్లల ఆట అని నవ్విన దాన్నే అక్కడ ఆటల శీర్షికలో పెట్టి గౌరవించారు. ఆట అన్న మాట మారలేదు. చూసే చూపు మారింది. 1986లో ఆయన కన్నుమూశారు.

మేం మా పిల్లలకు చివరగా ఇచ్చే లెక్క ఇది. మాస్టారు పుట్టిన సంవత్సరం 1905తో ఆట మొదలుపెట్టమంటాం. 9351, 8172, 7443, 3996, 6264, 4176, 6174. సరిగ్గా ఏడు మెట్లు, అంతకుమించి ఏ సంఖ్యా నడవదు. తర్వాత ఆయన పోయిన సంవత్సరం 1986తో చేయమంటాం. మొదటి తీసివేతలోనే 8172 వచ్చి, ఆ పాత దారిలోకే వచ్చి కలుస్తుంది. అక్కడినుంచి రెండూ ఒకే బాట.

ఈ సోమవారం మీ తరగతిలో నల్లబల్ల మీద ఒక నాలుగంకెల సంఖ్య రాయండి. ఇంట్లో అయితే క్యాలెండర్ వెనక పక్క చాలు. ఆ తర్వాత కాసేపు మనం మాట్లాడకుండా ఉంటే, మిగతాది పిల్లలే చూసుకుంటారు.